ఖాళీ చేసి కొలవాలంట

మే నెల. ప్రొద్దుటూరు. రాత్రి ఒకటిన్నర.
మా స్టూడియో మిద్దె మీది గదిలో
నాలుగు డిస్కులు తిరగతా ఉండాయి,
చెయ్యి పెడితే రొట్టె పెనం.

పెళ్ళిళ్ళ సీజను. ఒక్కో పెళ్ళి అరవై జీబీ.
పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు:
"దస్తగిరన్నా, వీడియో తిరుగుడే తిరుగుడు,
జీలకర్ర బెల్లం కాడ నిలబడిపాయ."
మైదుకూరోళ్ళు ఒకపక్క, జమ్మలమడుగోళ్ళు ఒకపక్క,
ఒకే డిస్కు మీద నలభై మంది.

డిస్కు మందకొడిది కాదు.
దాని ముల్లు ఒక చోట కుదురుగా కూచుంటే
పెన్నకు నీళ్ళొచ్చినట్టు ఇస్తాది.
నలభై మంది నలభై దిక్కుల నుంచి పిలిస్తే
ఒకరికి గుక్కెడు పోసి
ఇంకొకరి కాడికి పరిగెత్తాల.
పోసేది తక్కువ, తిరిగేదే ఎక్కువ.

వడ్డించినోళ్ళకు తెలిసిన లెక్కే ఇది.
గరిటెడు పప్పు తెచ్చి ఒక ఆకులో వేసి
మళ్ళా వంటకాడికి పోయేవాణ్ణి ఏమంటాం?
బకెట్టు ఎత్తుకోరా సామీ, అంటాం.

బకెట్టు ఎత్తుకోమని చెప్పేదానికి
లోపల ఒక అంకె ఉండాది:
అడిగినదానికంటే ఎంత ముందుకు చదివి పెట్టుకోవాలో.
నూట ఇరవై ఎనిమిది కేబీ.
మిషను కొన్ననాటి నుంచి అదే, ఎవురూ ముట్టుకోలే.
నాలుగు ఎంబీ చేసినా. బాగుండె.
ఆశ పుట్టి అరవై నాలుగు చేసినా.

అప్పుడు జూడాల!
ఎవురూ తాగని నీళ్ళతో ర్యామంతా నిండిపాయ.
ఒకరికని తెచ్చింది ఇంకొకరి కోసం పారబోసి,
పారబోసిందాన్నే తెచ్చేదానికి మళ్ళా పోయి…
బకెట్టు పెద్దదైతే చాలదు,
దించేదానికి చోటుండాల.

నాలుగా, ఎనిమిదా? కొలవాల.
కొలవాలంటే ముందు ర్యామును ఖాళీ చేయాల.
నిన్నటివి గుర్తుండగా కొలిస్తే
అది డిస్కు వేగం కాదు, జ్ఞాపకం వేగం.
ఒక్క లైను. చివర ఒక మూడు.
ఎంటరు కొడితే అన్నీ మర్చిపోతాది.

వేలు ఎంటరు మీద ఉండగానే
అలవాటు కొద్దీ లాగ్ ఫైలు చూసినా.
ఎవురో వచ్చినారు, ఇప్పుడే.
పెళ్ళి నంబరు రెండు వందల పన్నెండు,
రెండో గంట పద్నాలుగో నిమిషం కాడి నుంచి.
నిన్న రాత్రీ ఆడి నుంచే. మొన్నా.
వెనక్కి పోయి లెక్కబెడితే ఇరవై మూడు రాత్రులు.
పదకొండు నిమిషాలు చూసి పోతారు,
తాళికట్టు దిక్కే చూడరు.

తెరిచి చూసినా. బంతి.
కెమెరాను స్టాండు మీద వదిలి
నేనూ తినను కూర్చున్నప్పటిది.
కోసేయాల్సిన ముక్క, ఓబులేసు మర్చిపోయినాడు.
పంచె ఎగగట్టిన ఒక మనిషి
ఓళిగల తట్ట పట్టుకొని వరుస వెంబడి వస్తా
వద్దన్నోళ్ళ ఆకులోనే రెండేస్తాడు.
చేతులడ్డం పెడితే వేళ్ళ సందుల్లో నెయ్యి పోస్తాడు.
ఒకసారి తట్ట బోర్లించి, అయిపాయ, అని
కెమెరాకు చూపిచ్చి నవ్వతాడు.
ఇంకో తట్ట తెచ్చేదానికి పోతాడు.

పెళ్ళోళ్ళకు ఫోను చేసి అడగొచ్చు ఎవురని.
అడగలే.
డిస్కు దీపం దిక్కు చూసినా, వెలగడం లేదు.
ఆ పదకొండు నిమిషాల కోసం ముల్లు కదలాల్సిన పనే లేదు.
రోజూ అడిగి అడిగి ర్యాములోనే కూచుండిపాయ.
ఎన్ని పెళ్ళిళ్ళు వచ్చి పోయినా
దాన్ని మాత్రం బయటికి తోయలే.

రెండు దాటినాక ఆ చూసేవాళ్ళు వెళ్ళిపోయినారు.
అప్పుడు కొట్టినా ఎంటరు.
కొలిచినా. ఎనిమిదే మేలు.
రాసిపెట్టినా, మిషను మళ్ళా మొదలైనా నిలిచేట్టు.

దిగబోయేముందు ఒక్క పని.
రెండు వందల పన్నెండో పెళ్ళిలో
ఆ పదకొండు నిమిషాలు,
ఎవురికీ పంపకుండా, ఏ తెర మీదా చూపకుండా,
ఊరికే ఒకసారి చదివించినా.
దీపం గబగబా వెలిగి ఆరిపాయ.
ఇంకోసారి చదివించినా.
ఈసారి వెలగలే.

కూలరుకు రెండు బిందెలు పోసి కిందికి దిగినా.