రసమట్టం

ముందు చెయ్యి పెట్టి చూశాను.
వెనక, అడుగున, రేకు డబ్బా దగ్గర కాలుతోంది.
పైన రెక్కల దగ్గర గోరువెచ్చన కూడా లేదు.
లోపల గిన్నెలో పెరుగు పులిసిపోయి
నిన్నటి సంగతి చెబుతోంది.

దీనికి మోటరు లేదు.
గుర్రుమనదు, వణకదు, ఆగి మళ్ళీ మొదలెట్టదు.
కింద చిన్న హీటరు.
ఆ వేడికి లోపలి మందు ఆవిరై పైకెక్కి
దిగొస్తూ దిగొస్తూ చల్లదనం వదిలిపోతుంది.
నిప్పు పెడితే చల్లబడే పెట్టె.
మా మేస్త్రీ మునెప్పకి చెబితే
"తాగొచ్చినావా?" అన్నాడు.

హోటల్లో పడుకునేవాళ్ళకు చప్పుడు పడదని
గదికొకటి పెట్టారంట.
తలుపు మీద 412 అంకె ఇంకా ఉంది.
పందొమ్మిదేళ్ళు ఆ గదుల దుప్పట్లు మడిచింది పాపులమ్మ.
రెసిడెన్సీ రోడ్డులో ఆ హోటలు మూసేసిన రోజు
రెండు నెలల జీతం బదులు
దీన్ని ఆటోలో ఎక్కించి పంపారు.
ఆటో బాడుగ మేమే ఇచ్చుకున్నాం.

నిన్న తలుపు తెరిచి
"జీతం చెడిపోయింది" అంది.
ఫ్రిజ్ అనలేదు.

శివాజీనగర్ గుజిరీ నుంచి నయాజ్ వచ్చాడు.
వంగి వాసన చూశాడు, ముక్కు మండలేదు.
గొట్టాల అతుకుల మీద వేలు రాశాడు,
పసుపు మరక అంటలేదు. కారలేదన్నమాట.
హీటరు తీగలకు మీటరు పెట్టాడు, ముల్లు కదిలింది.
"అన్నీ బాగున్నాయి, అందుకే బాగుపడదు.
ఆరొందలిస్తా, ఇచ్చెయ్."
పాపులమ్మ అతని టీ గ్లాసు వైపు చూసింది,
రెండోసారి పొయ్యలేదు.

పోతూ పోతూ గడప దగ్గర నిలబడి అన్నాడు:
"ఒక రాత్రి తలకిందులుగా పెట్టి చూడు.
ఒక్కోసారి లోపల అడ్డం పడింది జారుతుంది.
మా నాయన చేసేవాడు."

ప్లగ్గు పీకి,
మల్లెమొగ్గలూ ఆమె కంటిమందూ
పక్కింటి సెల్వి ఫ్రిజ్‌లో దాచి వచ్చి
ఇద్దరం పట్టి బోర్లించాం.
ఉల్సూరులో మా ఒక్క గదికి
మేం పడుకునే చోటే ఖాళీ చోటు.
దాని పక్కనే చాప.

నడిరాత్రి గొట్టంలో గుడగుడ.
ఇన్నేళ్ళూ నోరెత్తనిది
ఏదో మింగింది.
"విన్నావా?"
"ఊఁ."
ఆ తర్వాత ఏమీ లేదు.
చాలాసేపు వింటూనే ఉన్నాం.

తెల్లారి నిలబెట్టి, సగం పూట దాన్నట్లా వదిలేసి
ప్లగ్గు పెట్టాను.
రాత్రికి కొంచెం చల్లన.
మర్నాటికి మళ్ళీ మొదటికే.

అప్పుడు, ఎందుకు తోచిందో,
పనిసంచిలోంచి రసమట్టం తీసి దాని నెత్తిన పెట్టాను.
బుడగ పరిగెత్తి
గోడవైపు అంచుకు అంటుకుంది.

నేల మీద పెట్టాను. అదే.

ఈ టైల్స్ వేసింది నేనే.
పోయిన ఆషాఢంలో, చేతిలో పనుల్లేని నెలలో,
ఓనరు కూలి కోసినా వంక పెట్టలేని పని.
చెంబు నీళ్ళు ఒలికినా చుక్క నిలవదు,
మూడడుగులకు అర అంగుళం, మోరీ వైపు వాలు.
ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి బాత్రూములకు
ఈ చెయ్యి నేర్పిన వాలు.
అప్పట్నుంచే, లెక్కేసుకుంటే,
కొంచెం కొంచెంగా చల్లదనం తగ్గింది.
ఎక్కిన మందు దిగే దారి తప్పి
ఎక్కడో వంపులో నిలిచిపోయుంటుంది.
నీళ్ళు పోవాలని నేను వంచాను.
దీనికి వంపు పడదని ఎవరు చెప్పారు?

మిగిలిన టైలు ముక్క కోసి
ముందు కాళ్ళ కింద దూర్చాను.
బుడగ వచ్చింది, ఊగింది,
రెండు గీతల మధ్య కూర్చుంది.
మళ్ళీ ఒక రాత్రి బోర్లించాం. మళ్ళీ నిలబెట్టాం.

మూడోనాడు పొద్దున్నే
నీళ్ళ గ్లాసు తెచ్చి నా చెంపకు ఆనించింది.
ఉలిక్కిపడ్డాను.
ఏమీ అనలేదు ఆమె. నేల సంగతి నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు ఇల్లు తుడిచినప్పుడల్లా
ఆ టైలు ముక్క వెనక నీళ్ళు నిలుస్తాయి.
గుడ్డ పిండుతూ, నాకు వినబడేలా
గొణుగుతుంది:
"ఎవడేసినాడో ఈ నేల."