పిట్ గోడ మీద పలక

థెట్‌ఫర్డ్ దాటాక, పైన్ చెట్ల వెనక,
యుద్ధకాలపు రన్‌వే ఒకటి రేసు ట్రాకయింది.
బాంబర్లు లేచిన ఆ కాంక్రీటు మీద
ఏటా మే నెలలో
ఒక నీలం లారీ వచ్చి ఆగేది.
స్టీరింగు ఎడమవైపు. తలుపు మీద వెలిసిన రొట్టె బొమ్మ.

ఆర్మాన్ టెస్రో బేకరీ వ్యాన్లు బాగుచేసేవాడట
లువార్ ఒడ్డున ఏదో ఊళ్ళో.
డెబ్బై మూడులో బావమరిది రొట్టెల డబ్బుతో
ఒకే సీటున్న బండి ఒకటి కొన్నాడు.
ఆ సీట్లో తను పట్టలేదు.
అందుకని పిల్లల్ని కూర్చోబెట్టాడు.
జట్టు చరిత్ర చెప్పమంటే ఇంతే చెప్పేవాడు
పొట్ట తట్టుకుంటూ.

నేను టైర్ల మనిషిని. పేరు కొమురయ్య.
వాళ్ళకు నోరు తిరక్క కొమ్ అన్నారు.
కొమ్ అంటే వాళ్ళ భాషలో 'లాగా' అని
మూడేళ్ళకు చెప్పింది సొలాంజ్, ఆర్మాన్ కూతురు.
ఇరవై రెండు సీజన్లు
దేనిలాగానో తెలీని 'లాగా'నై
మోకాళ్ళ మీద తిరిగాను, నట్లు బిగిస్తూ.

మోకాళ్ళు అరిగాక పలక నా చేతికొచ్చింది.
పిట్ గోడ మీంచి ట్రాక్ వైపు చాపే నల్ల పలక.
పసుపు అంకెలు దూర్చాలి:
ఎన్నో స్థానం, ఎన్ని ల్యాపులు మిగిలాయి,
ముందువాడు ఎన్ని సెకన్ల దూరం.
పద్దెనిమిదేళ్ళవాడు గంటకు నూటనలభై మైళ్ళ మీద
అది చదవాలి. చదివితే
స్టీరింగు వదలకుండా చూపుడువేలు ఎత్తుతాడు.
'అ' దిద్దడానికి నాకు నెల పట్టింది.
వీళ్ళకు అర సెకను.

ఏడు అంకె ఎప్పుడో పోయింది.
ఒకటికి పసుపు టేపు అతికించి ఏడు చేసేవాళ్ళం.
వానలో ఊడొచ్చేది.
ఒకసారి ఏడో స్థానంలో ఉన్న బెల్జియం కుర్రాడు
తనే ముందున్నాననుకుని
ల్యాపంతా గుడ్లబుట్ట మోసినట్టు నడిపాడు,
పదో స్థానంలో తేలాడు.
ఆర్మాన్ తిట్టలేదు.
'ఒక ల్యాపు మొదటివాడిగా బతికావుగా' అన్నాడు.

గెలిచినవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.
పై తరగతికి పోయిన పిల్లాడు
ఓనమాల పంతులి వీధిలోంచి నడవడు.
ఒకణ్ణి తర్వాత టీవీలో చూశాం, షాంపేన్‌లో తడుస్తూ.
అందరికీ థాంక్స్ చెప్పాడు,
గడియారాల కంపెనీకి కూడా.
సొలాంజ్ టీవీ కట్టేయలేదు. సౌండు తగ్గించింది, అంతే.
ఓడినవాళ్ళే ఉత్తరాలు రాసేవాళ్ళు,
పెళ్ళి కార్డులు పంపేవాళ్ళు.
బెల్జియం వాడు ఏటా ఒక ఆవముద్ద సీసా.

ఆర్మాన్ పోయాక పద్నాలుగేళ్ళు లాగారు.
అప్పుడొచ్చింది కొత్త రూలు:
అందరికీ ఒకే చాసిస్, ఒకే ఇంజిను,
సీలు వేసి పంపుతారు, విప్పితే జరిమానా.
విప్పడానికి వీల్లేని బండితో
వీళ్ళకేం పని?
బాగుచేయడం తప్ప ఏమొచ్చని?

నవంబరులో వేలం, ఇక్కడే,
ఇంగ్లండులో ధర పలుకుతుందని.
జాకులు పోయాయి. గాలి పంపులు పోయాయి.
నార్విచ్ పబ్బువాడు బండి ముక్కు కొన్నాడు, గోడకు కొట్టడానికి.
పలకకు ఎవరూ పాట పాడలేదు.
'ఉంచుకో కొమ్' అంది సొలాంజ్,
నా వైపు చూడకుండా తాడు చుడుతూ.

ఖాళీ లారీ డోవర్ రేవుకు బయల్దేరింది.
నేను అడ్డదారిన పోయి రౌండబౌట్ దగ్గర నిలబడ్డాను.
ఎడమ స్టీరింగు కదా,
ఆమె నా పక్కనుంచే పోతుంది.
మొత్తం ఎన్ని సీజన్లో వేళ్ళ మీద లెక్కేసి
నలభై ఆరు దూర్చి, చేతులు చాపాను.
చలికో దేనికో వణికాయి,
లారీ మీదికొచ్చాక చూసుకుంటే
ఆరు తలకిందులుగా ఉంది.
నలభై తొమ్మిది. మూడేళ్ళు ఎక్కువ.

మార్చే టైం లేదు.
ఆమె బ్రేకు వేయలేదు.
స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తింది.