సుద్దముక్క

కొరుక్కుపేట గేటు పడితే
మా కార్పొరేషన్ తెలుగు బడిలో పాఠం ఆగుతుంది.
గూడ్సు పెట్టెలన్నీ లెక్కపెట్టాకే
పిల్లలు మళ్లీ మనవాళ్లు.

ఈ సంగతి నిరోషకి ట్రైనింగులో చెప్పలేదు.
జూన్‌లో వచ్చింది, ఇస్త్రీ చీర, చుట్టచుట్టిన చార్టులు,
నలభై నిమిషాల పాఠానికి నిమిషం నిమిషం లెక్క.
మూడో రోజుకే గొంతు పోయింది.

గోడకి ఇవతల నా నాలుగో తరగతి.
అవతల ఆమె గొంతు పైకి పోయి పోయి
చీలే చోటు నాకు తెలుసు.
ఆ చోటే నేనూ ఒకప్పుడు చీలాను.
అప్పుడు హెడ్మాస్టరు నా గుమ్మంలోకి వచ్చాడు, బెత్తంతో.
పిల్లలు ఊరుకున్నారు.
ఆ ఏడాదంతా వాళ్లు నన్ను కాదు,
గుమ్మాన్నే చూశారు.

అందుకని నేను ఉత్తచేతుల్తో వెళ్తాను.
చెప్పులు బయట వదిలి,
"టీచరుగారూ, ఓ సుద్దముక్క ఉంటే ఇస్తారా?"
పిల్లల ముందు 'గారూ' తప్పనిసరి.
ఆమె వెతుకుతుంది. డిల్లీబాబు బల్లకింద దూరి వెతుకుతాడు.
ఆ అరనిమిషంలో
ఆమెకి ఊపిరి అందుతుంది.

టీ తాగేటప్పుడు పాఠాల ఊసెత్తను.
ఆమె ఏడ్చిన రోజు మాత్రం
"హాజరు తొందరగా పిలవకు,
ఒక్కో పేరుకీ ఒక్కో మొహం చూడు" అన్నాను.
అదీ ఎక్కువే చెప్పానేమో.

ఫిబ్రవరిలో ఒక రోజు,
ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ అనవసరం,
తీసివేతలో అప్పు మరిచిన మోనీషా మీద
అరుస్తున్నాను. నోటుబుక్కు విసిరేశాను కూడా.
గుమ్మంలో చెప్పుల్లేని కాళ్లు.
"టీచరుగారూ, ఓ సుద్దముక్క..."

ఆమె గుప్పిట్లోనే ఉంది సుద్దముక్క,
వేళ్ల సందుల్లో తెల్లగా.
దాచడం ఇంకా అలవాటు కాలేదు పాపం.

నేను సొరుగు లాగాను.
జూన్ నుంచీ అడిగి తెచ్చుకున్నవన్నీ
అక్కడే ఉన్నాయి, పక్కన నా నిండు డబ్బాతో సహా.
చూసింది. ఏమీ అనలేదు. నేనూ అనలేదు.
మోనీషా ముక్కు తుడుచుకుంటూ వచ్చి
ఉన్నవాటిలో పొడుగుది ఏరి
ఆమె చేతిలో పెట్టింది.

అప్పుడే గేటు పడింది.
నోటుబుక్కు తీసి దుమ్ము దులిపేలోగా
క్లాసంతా కిటికీల దగ్గర.
"యాభై ఎనిమిది!" అని అరిచారు చివరికి.
"యాభై తొమ్మిది," అంది నిరోష గుమ్మంలోంచి,
ఇంజనుతో కలిపి.