కాటా దగ్గర

మిర్చియార్డులో ఒక సుఖం ఉంది.
ఏడిస్తే ఎందుకని ఎవరూ అడగరు.

కాటా దగ్గర తూకం రాసేదాన్ని నేను.
మంగళవారం ఒక టిక్కీ తప్పు పడింది,
నలభై మూడుకి ముప్పై నాలుగు.
షావుకారు అన్న మాట
యార్డంతా వినపడింది,
బస్తా నీడన పడుకున్న కుక్క కూడా లేచి చూసింది.
అప్పట్నుంచి అంకె నోట్లోంచి రాదు.
రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసి
కాగితానికి చిల్లు.

మూడు రోజులు తేజ బస్తాల చాటున
ఘాటు మీదికి నెట్టి
కళ్లు తుడుచుకున్నాను.

తొడిమలు తీసే సైదాబీ
తలెత్తకుండానే అంది:
"మిర్చికొచ్చే నీళ్లయితే ముక్కు కూడా కారుద్ది పిల్లా.
నీకు కారట్లా."

నవ్వొచ్చింది. నవ్వులోంచి నిజం తుమ్మొచ్చింది.
అంతా చెప్పేశాను.
ఆమె విన్నది, చేతులు ఆపకుండా.
ధైర్యం చెప్పలేదు.
"ఆ చేత్తో కళ్లు ముట్టుకోమాక" అని
తన మజ్జిగ సీసా నా వైపు జరిపింది.

మంట వెంటనే పోలేదు.
సాయంత్రానికి కొంచెం.

ఇవాళ బస్తా పడగానే
కాటా మీద ఎర్ర అంకెలు వణికాయి.
రోజూ వణుకుతాయి.
కుదురుకునేదాకా ఆగుతారు అందరూ,
షావుకారు కూడా.
వాటినెవరూ తిట్టగా చూడలేదు నేను.

ఆగాను.
"నలభై మూడు" అన్నాను.

గొంతు జీరపోయింది.
"ఎంతా?" అన్నాడు ముఠామేస్త్రీ.

మళ్లీ చెప్పాను.