ఎడమ చెయ్యి కొలత

తొమ్మిది దాటితే గానీ తెల్లారని డిసెంబరు.
యెల్ దీవిలో పని దీపం కిందే మొదలవుతుంది.
బల్ల మీద గళ్ల కాగితం, చెక్కిన పెన్సిలు,
నిన్నటి టీ మరక,
తాత స్వెటర్.

అమ్మమ్మ అల్లింది ఇది.
దీన్ని అంకెల్లోకి దించడం నా పని.
ఎన్ని కుట్లు ఎత్తాలి, ఏ వరసలో రంగు మార్చాలి,
చంక దగ్గర ఎన్ని తగ్గించాలి.
నేనెప్పుడూ చూడని ఊళ్లో ఎవరో
నా అంకెల్ని నమ్మి సూదులు పట్టుకుంటారు.
ఒక్క కుట్టు తప్పు రాస్తే
వాళ్లు రెండు రాత్రుల్ని విప్పుకోవాలి.

ఛాతీ లెక్క తేలింది. మెడ తేలింది.
కుడి చెయ్యి నూట పద్దెనిమిది వరసలు.
ఎడమ చెయ్యి నూట ఐదు.
పది వరసలకో గుండుసూది గుచ్చుకుంటూ
మళ్లీ లెక్కపెట్టాను.
నూట ఐదే.

అమ్మమ్మా, నువ్వా?
దీపం లేకుండా అల్లగలిగినదానివి,
నడుముకి కట్టిన తోలు పట్టీలో సూది గుచ్చి
వీపున పీట్ గడ్డల గంప మోస్తూ
దారి పొడవునా అల్లినదానివి,
పదమూడు వరసలు మర్చిపోయావా?
ఆ పట్టీ ఇప్పుడు నా నడుముకుంది.
కొత్త చిల్లు వెతికినా
నా సూది నువ్వు అరగదీసిన చిల్లులోకే జారుతుంది.

సరే, నేనే సరిచేశాను.
కుడికెంతో ఎడమకీ అంతేనని
శుభ్రంగా రాసి
పిండి కలపడానికి లేచాను.
బుధవారం. పదకొండింటి పడవకి
లీబీ పెద్దమ్మ వస్తుంది.

బానక్ రొట్టెకి కొలతలు
మా ఇంట్లో ఎవరూ రాసిపెట్టలేదు.
బార్లీ పిండి రెండు దోసిళ్లు, సోడా వేలికొనంత,
మజ్జిగ ఎంతంటే
"పిండి అడిగినంత" అనేది అమ్మ.
అంకెలు అమ్ముకుని బతికే నేను
ఈ ఒక్కచోట వేళ్లకి వదిలేస్తాను.
ఎక్కువ పిసికితే బిగుసుకుపోతుంది.
అంటీ అంటనట్టు కలిపి, అరచేత్తో తట్టి,
నాలుగు ముక్కలు కోసి పెనం మీద వేశాను.
అంచు మాడిన వాసన
తడి ఊలు వాసనతో కలిసి మెట్లెక్కింది.

పెద్దమ్మ కోటుకున్న వాన దులుపుకుని వచ్చింది.
వేడి ముక్కకి వెన్న రాస్తూ కాగితం చూసింది.
"రెండు చేతులూ ఒకటే రాశావేం?"
"అమ్మమ్మ పొరపాటు పడిందిగా."
నమలడం ఆపేసింది.

"మా నాన్న ఎడమ చెయ్యి నువ్వు చూడలేదు.
పడవ మీద వలతాడు చుట్టుకుని లాగేసింది.
లెర్విక్ చేరేసరికి మూడు రోజులు,
ఎముక వంకరగా అతుక్కుంది.
కొట్లో కొన్న కోటు తొడిగితే
ఆ చెయ్యి లోపలెక్కడో ఉండిపోయేది.
చర్చిలో పాటల పుస్తకం తిప్పడం రాదని
అసలు పాడేవాడే కాదు.
ఈ స్వెటర్ వేసుకున్న ఆదివారం
రెండు మణికట్లూ బయటికొచ్చాయి.
పాడాడు.
ఎంత ఘోరంగా పాడాడో!"

ఇంకో ముక్క అందుకుంది.
ఉప్పు తక్కువైందని కూడా అంది.

ఆవిడ వెళ్లేసరికి మూడయింది, చీకటి.
రబ్బరు పట్టుకుని కూర్చున్నాను.
నూట ఐదు అంటే ఎవరి చేతికి సరిపోతుంది?
నూట పద్దెనిమిది అంటే
అమ్మమ్మని అబద్ధం చేసినట్టు.
పొయ్యిలో పీట్ రెండుసార్లు కూలింది.
చివరికి అంకె చెరిపేసి
ఒక మాట రాశాను:

ఎవరి కోసం అల్లుతున్నారో వాళ్లని పిలవండి.
రెండు చేతులూ కొలవండి. విడివిడిగా.

నమూనాలు సరిచూసే ఫ్రేయా ఒప్పుకోదు,
అంకె ఏదని రేపే ఫోన్ చేస్తుంది.
చెయ్యనీ.

చల్లారి గట్టిపడిన చివరి ముక్క
టీలో ముంచుకుని తిన్నాను.
నిజమే,
ఉప్పు తక్కువ.