రెండు చుట్లు

ఆ తెల్లారి ఐదింటికి గుర్రపుడెక్కతో పాటు కొట్టుకొచ్చి
మూడో తలుపుకి ఆనుకుంది నీలం రెక్సిన్ సంచి.
లోపల డ్వాక్రా సంఘాల పద్దు పుస్తకాలు,
నీళ్ళకి అట్టకట్టిన అరవైమంది ఆడవాళ్ళ పొదుపు.
సంచి సత్యవేణిది.
మధ్యాహ్నానికి ఆమె కూడా దొరికింది,
ఎగువన, చెరువుగట్టు వంతెన కింద తుంగలో.
మెడ మీద వేళ్ళ గుర్తులు.

నేను పెదలంక లాకుల లస్కర్ని.
నీళ్ళ సంగతి నన్నడగాలంటారు.
ఎస్సై గారు గేజీ పుస్తకం తెరిచి అడిగారు:
వంతెన కాణ్ణుంచి ఇక్కడికి ఎన్ని గంటలు?
తలుపు అడుగెత్తుంటే ఎనిమిదండీ, అన్నాను.
ఆయన వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టారు.
రాత్రి తొమ్మిది.
తొమ్మిదింటికి ఆ వంతెన మీద బీడీ కాలుస్తూ
చెరువు కాపలా నూకరాజు కనబడ్డాడని
పాలకేంద్రం కుర్రాడు చెప్పాడు.
అంతే, ఊరికి మనిషి దొరికాడు.

ఇక చూడండి.
కొబ్బరి ఒలిచేవాళ్ళు గునపం మీద డొక్క గుచ్చి
ఇలా తీయాలి వాడి తోలు, అన్నారు.
కోర్టులెందుకు, కాలవ లేదా? అన్నాడు రేవు పాటదారు.
కాలేజీ పిల్లలు కొవ్వొత్తులతో నడిచారు,
ఫ్లెక్సీలో సత్యవేణి ఆధార్ కార్డు ఫొటో సాగదీసి పెట్టారు.
వకీళ్ళు వకాల్తా పట్టమని తీర్మానం రాశారు.
రిటైరైన లెక్కల మాస్టారు ఒక్కరే
ముద్దాయి మాట కూడా వినాలి కదా అన్నారు,
మర్నాటి నుంచి ఆయన గేటు కాడ పాల ప్యాకెట్ పడలేదు.
రొయ్యలు ఒలిచే షెడ్డులో గెడ్డం బుల్లెమ్మ
నా మనవడికి రక్తమిచ్చాడే ఆ కుర్రాడు, అని నోరు జారి
మూడు రోజులు కూలి పోగొట్టుకుంది.
నూకరాజు వాళ్ళ తాటాకిల్లు కాలిపోయింది.
ఎవరు అంటించారో ఊరందరికీ తెలుసు,
అది మాత్రం నేరంలో లెక్కకి రాలేదు.

ఉరే, అన్నాను నేను.
అందరికన్నా గట్టిగా నేనే అన్నాను.

ఎందుకంటే ఆ రాత్రి ఎనిమిదింటికి
దిగువ చెరువుల రామరాజు గారి మనిషి వచ్చాడు,
మడిచిన రెండు ఐదొందల నోట్లతో.
మరకి గ్రీజు రాసి, చప్పుడవకుండా
రెండు చుట్లు ఎత్తాను తలుపు.
నాలుగింటికి దించేశాను.
పుస్తకంలో అడుగే ఉంది,
నా గుండ్రటి దస్తూరీలో.

రెండు చుట్లంటే
ఎనిమిది గంటల దారి నీటికి ఐదు గంటలే.
అంటే తొమ్మిది కాదు, అర్ధరాత్రి.
అర్ధరాత్రి నూకరాజు పట్టుబడి కాడ
ఐసు లారీ కింద నిలబడి పెట్టెలు అందుకుంటున్నాడు,
తొమ్మిదిన్నర నుంచి కోడి కూసేదాకా.
ఇరవైమంది కూలీలు చూశారు.
వాళ్ళని తొమ్మిది గురించే అడిగారు.

నిన్న పొద్దుగూకే వేళ మాణిక్యం వచ్చింది, సత్యవేణి తల్లి.
ఉరి మాట ఎత్తలేదు.
లాకు మెట్టు మీద కూర్చుని, కొంగులోంచి ఫోను తీసి,
పదిన్నరకి మోగింది బాబూ, అంది.
నిద్రమత్తులో ఎత్తలేదు. రెండోసారి మోగలేదు.
తొమ్మిదికే పోయిందంటున్నారు కదా,
మరైతే అది ఆ చచ్చినోడు నొక్కి ఉంటాడు, కదూ?
నా పిల్ల కాదు, కదూ?
నీకు నీళ్ళు తెలుసు. నువ్వు చెప్పు.

తలుపుల కింద నుంచి నీళ్ళు
సన్నగా, అడుగు మేరకే జారుతున్నాయి.
నేను కాదమ్మా అంటే ఆవిడ ఈ రాత్రి పడుకుంటుంది,
నూకరాజు ఎల్లుండి మళ్ళీ బోనెక్కుతాడు.
అవునంటే ఆ కుర్రాడు బతకొచ్చు,
నా ఉద్యోగం పోతుంది. అదొక లెక్కా.
ఆవిడ చెవిలో మాత్రం ఆ ఫోను
చచ్చేదాకా మోగుతూనే ఉంటుంది.

ఆవిడ ఇంకా నా మొహం కేసే చూస్తోంది.
గేజీ పుస్తకం మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకున్నాను.
ఆ తేదీ ఎదురుగా రిమార్కుల గడి
ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉంది.
పెన్ను మూత తీశాను.
కాస్త ఆగమ్మా, అన్నాను,
నాకు చెయ్యి వణుకుతోంది.