మూత తియ్యమాక

ఇరవై రెండేళ్లు పొగాకు బ్యారన్ దగ్గర మంట కాసినవాణ్ణి.
కిటికీ అద్దంలోంచి టార్చి వేసి
లోపల వేలాడే పాదరసం గీత చదివి
కట్టె ఎగదోయాలో, వెనక్కి లాగాలో
నిద్రలో కూడా చెప్పగలిగినవాణ్ణి.
వేడి నాకు కొత్తేం కాదు
అనుకున్నాను.

చైత్రం చివర, వేపపూత రాలే ఒక రాత్రి
పొదిలి నుంచి ఖాజావలి ఆటోలో తెచ్చాడు పెట్టెను.
నోట్లో తడిగుడ్డ కుక్కి ఉంది.
లోపల, ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు చప్పుడు.
నాలుగు కాళ్ల కింద నాలుగు కొబ్బరిచిప్పలు, చిప్పల్లో నీళ్లు,
చీమలకు ఏరు అడ్డం.
"మాటిమాటికీ మూత తియ్యమాక," అన్నాడు,
"బాలింత ఉన్న గది అనుకో."

తీశాను.
మొదటి వారంలోనే తొమ్మిదిసార్లు.
రాణి కనపడితే, ఎందుకంత నెమ్మదిగా నడుస్తుందని దిగులు.
కనపడకపోతే ఇంకో దిగులు.
తిరుపాలమ్మ అన్నీ లెక్కపెట్టింది,
నా బుగ్గ మీది వాపులతో సహా.
"కొత్తల్లుడికి కూడా ఇన్నిసార్లు తలుపు తియ్యలేదు మనం" అంది.

భరణి కార్తె.
పడమటిగాలి కొండపి రోడ్డు మీది తారు వాసన మోసుకొచ్చింది.
మధ్యాహ్నం రెండింటికి ఈగలన్నీ బయటికొచ్చి
పెట్టె నోటికి గడ్డంలా వేలాడాయి.
వెళ్లిపోతాయనుకున్నాను. ఆ ఎండలో నా చేతులు చల్లబడ్డాయి.
గోనెపట్టా తడిపి మూత మీద పరిచి, వంగి చూస్తే
గడప దగ్గర పదీ పదిహేను
ఉన్నచోటే నిలబడి రెక్కలతో విసురుతున్నాయి.
ఇంకొన్ని తొట్టి అంచున నీళ్లు పీల్చి
పీల్చింది మింగకుండా లోపలికి మోస్తున్నాయి.
కట్టె లేదు, పాదరసం లేదు, టార్చి లేదు.
నా ఇరవై రెండేళ్ల ఉద్యోగం
మూడు వారాల వయసు పురుగు చేస్తోంది.

కృత్తికలో ఒక సాయంత్రం
సముద్రం వైపు ఆకాశం మాడిన పెనంలా నల్లబడింది.
టంగుటూరు అవతల ఉరుము. ఆ వెనకే గాలి.
బ్యారన్ రేకు ఒకటి లేచి, పల్టీలు కొట్టి
మునగచెట్టును నడుముకి నరికింది.
తాడు వెతికే టైము లేదు.
పోయి మూత మీద కూర్చున్నాను,
డెబ్బై ఒక్క కేజీల మనిషిని,
నెత్తిన టపటపా వడగళ్లు పడుతుంటే.
కింద ఆ హోరు పెరగలేదు, తగ్గలేదు.
నాకైతే భయమేసింది.
పక్కచేను అంకయ్య గోతాం కప్పుకుని వచ్చి
కాసేపు చూసి
ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు.

మూడు రోజులు ముసురు.
నాలుగో పొద్దున పెట్టె ముందు బురదలో
తెల్లటి పిల్లలు, వడ్లు దంచితే రాలిన నూకల్లా.
తెగులేదో పట్టిందనుకుని ఫోన్ చేస్తే
ఖాజావలి కాసేపు మాట్లాడలేదు.
"లోపల తిండి లేదయ్యా.
సాకలేని బిడ్డల్ని అవే బయట వేస్తాయి."

తిరుపాలమ్మ విన్నది ఆ మాట.
పంచదార డబ్బా మొత్తం గిన్నెలో గుమ్మరించి
నీళ్లు పోసి, చాలాసేపు కలిపింది
కరిగిపోయిన తర్వాత కూడా.
ఆ వారం ఇద్దరం చప్పటి టీ తాగాం.

రోహిణి వచ్చింది.
వానకి తడిసిన చిల్లచెట్లు, ఎవరూ అడక్కుండానే పూశాయి.
టీకొట్టు దగ్గర అడుగుతున్నారు, తేనె ఎంతొచ్చిందని.
రాలేదు. మూడున్నర కేజీల పంచదార పోయింది.
"అయితే వాటికి నువ్వే ఈగవి" అన్నాడు అంకయ్య.
నవ్వాను. ఆలోచిస్తే పెద్ద తప్పేం లేదందులో.

మూత తీసి ఇవాళ్టికి పదకొండు రోజులు.
చెవి ఆనించి వింటాను, అంతే.
పాత బ్యారన్ థర్మామీటరు పాక గుంజకు వేలాడుతూ
నూట పన్నెండు చూపిస్తోంది,
ఆకు పసుపు తిరిగే వేడి.
దక్షిణం వైపు చిప్పలో నీళ్లు ఇగిరిపోయాయి.
చీమ ఒకటి అంచు దాకా వచ్చి
మీసాలు ఆడిస్తూ నిలబడింది.

చెంబు తీసుకుని లేచాను.